దోహాలో ఎనిమిది నిమిషాలు

దోహా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి వీసా, ఏజెంటు, ఎండ, నెలాఖరున ఇంటికి పంపే డబ్బు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ తర్వాత ఆ జాబితాలో స్టేడియాలు కూడా చేరాయి. ఆ కప్పుకి పన్నెండేళ్ళ ముందు ఆ ఊళ్ళో ఇంకో ప్రపంచ పోటీ జరిగింది. దానికి స్టేడియం అక్కర్లేకపోయింది. నాలుగు బల్లలు, ఒక గంట, ఒక గ్లాసు మంచినీళ్ళు ఉంటే చాలు. వరల్డ్ స్కూల్స్ డిబేటింగ్ చాంపియన్‌షిప్స్ అని దాని పేరు. హైస్కూలు పిల్లలు తమ దేశాల తరఫున జాతీయ జట్లుగా వచ్చి ఇంగ్లీషులో వాదించుకుంటారు. 1988లో ఆస్ట్రేలియాలో ఆరు జట్లతో మొదలైన ఈ పోటీ, ఊళ్ళు మారుతూ మారుతూ 2010 ఫిబ్రవరిలో దోహా చేరింది.

అప్పటికి మేం దోహా వెళ్ళి నాలుగేళ్ళు. నేను ఒక కట్టడాల కంపెనీలో లెక్కలు చూసేవాణ్ణి. మా అమ్మాయి అక్కడి ఇండియన్ స్కూల్లో పదకొండో తరగతి. పోటీకి వాలంటీర్లు కావాలని కబురొస్తే పేరిచ్చేసి, ఆ తర్వాత ఇంట్లో చెప్పింది. దానికి అప్పజెప్పిన పని టైము చూడటం. చేతిలో ఒక స్టాప్‌వాచీ, ముందు బల్ల మీద ఒక గంట. పొద్దున దింపి సాయంత్రం తీసుకురావాలి కాబట్టి నేనూ ఎడ్యుకేషన్ సిటీ దారి పట్టాను. లేకపోతే మాలాంటి వాళ్ళకి అటువైపు పనేముంటుంది?

దోహా తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం. ఊరంతా ఒక సముద్రపు వంపు చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఆ వంపు పొడుగునా కార్నిష్ రోడ్డు. ఒక కొసన అద్దాల మేడలు, ఇంకో కొస దగ్గర నీళ్ళలో కట్టిన ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం. ఐ.ఎం. పే అనే పెద్దాయన కట్టిన మ్యూజియం అది, 2008లో తెరిచారు. మేముండేది వీటికి లోపల, పాత ఊళ్ళో. ముషేరిబ్ దగ్గర ఒక కూడలిని అందరూ 'నేషనల్' అనేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళితే నేపాలీ, బెంగాలీ, మలయాళం, తెలుగు అన్నీ ఒకేసారి చెవిన పడేవి. క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చి, ఊరివాళ్ళని కలిసి, ఫోన్ కార్డులు కొనుక్కుని, తిరిగి బస్సులెక్కేవాళ్ళు. ఆ 2010లోనే ఆ పేటని పడగొట్టి కొత్తది కట్టే పని మొదలైంది.

అక్కడి నుంచి పడమరగా అల్ లుఖ్తా వీధి పట్టుకుని పోతే ఎడ్యుకేషన్ సిటీ. ఖతార్ ఫౌండేషన్ అనే సంస్థది ఆ జాగా అంతా. 1995లో అప్పటి అమీరు షేక్ హమద్, ఆయన భార్య షేఖా మోజా కలిసి పెట్టిన సంస్థ. అమెరికా యూనివర్సిటీలని ఒక్కొక్కదాన్నే పిలిచి అక్కడ శాఖలు పెట్టించారు. డాక్టరు చదువుకి వైల్ కార్నెల్, ఇంజినీరింగుకి టెక్సస్ ఏ అండ్ ఎం, కంప్యూటర్లకి కార్నెగీ మెలన్, రాజకీయ శాస్త్రానికి జార్జ్‌టౌన్. మన పిల్లలు ఈ పేర్ల కోసం పొలాలమ్మి విమానం ఎక్కుతారు. ఇక్కడ యూనివర్సిటీలే విమానం ఎక్కి వచ్చాయి! మేం వెళ్ళిన రోజుల్లో సగం కట్టి ఉంది, సగం కడుతున్నారు. ఎటు చూసినా క్రేన్లు, ఇసక, నీలం డ్రెస్సుల్లో మనుషులు. గేటు దాటి లోపలికి అడుగుపెడితే పచ్చిక, ఫౌంటెన్లు, నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఒక తరగతి గది. రెండు వైపులా రెండు జట్లు, జట్టుకి ముగ్గురు. మొత్తం జట్టులో ఐదుగురి దాకా ఉండొచ్చు గానీ ఒక్కో వాదనలో మాట్లాడేది ముగ్గురే. మధ్యలో ముగ్గురు జడ్జీలు. ఒక పక్కన గంటతో మా అమ్మాయి.

పద్ధతి ఇది. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. మొదటి నిమిషం అవగానే ఒకసారి గంట, ఏడో నిమిషానికి ఇంకోసారి, ఎనిమిదికి రెండుసార్లు. మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ మాట్లాడేవాళ్ళని ఎవరూ కదిలించకూడదు. మధ్యలో ఉన్న ఆరు నిమిషాల్లో మాత్రం అవతలి జట్టువాళ్ళు లేచి నిలబడి అడ్డు ప్రశ్న వేస్తామని అడగొచ్చు. పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అంటారు దాన్ని. ఒప్పుకోవచ్చు, చేత్తో 'కూర్చో' అని సైగ చేసి సాగిపోవచ్చు. కానీ ఒక్కటీ తీసుకోకుండా తప్పించుకుపోతే జడ్జీలు మార్కులు కోస్తారు. కనీసం రెండైనా తీసుకోవాలని లెక్క. ఆరుగురూ అయ్యాక, జట్టుకొకరు మళ్ళీ లేచి నాలుగు నిమిషాలు మాట్లాడతారు. అప్పుడు కొత్త వాదన తేకూడదు. జరిగిన వాదన అంతా ఎక్కడ తేలిందో చెప్పాలి, అంతే.

నాకు ఇది చాలా వింతగా తోచింది. మన బళ్ళలో వక్తృత్వ పోటీలు ఎరుగుదుం కదా. పంద్రాగస్టుకో గాంధీ జయంతికో మాస్టారు రాసిచ్చింది బట్టీపట్టి, "సభకు నమస్కారం" దగ్గర మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోతే మొదటి నుంచి మళ్ళీ అందుకుని, గడగడా ఒప్పజెప్పి దిగిపోవడం. అందులో అవతలివాడు ఉండడు. అడ్డు ప్రశ్న ఉండదు. ఎవరైనా లేచి "ఒక్క మాట" అన్నారంటే ఆ పిల్లాడు స్టేజీ మీదే ఏడ్చేస్తాడు. పెద్దలకి ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లల చేత ఎవరికీ ఎదురు కాని మాటలు పలికించడం, ప్రైజుగా స్టీలు గ్లాసు ఇవ్వడం మన పద్ధతి. ఆ గ్లాసులు మా ఇంట్లో ఇప్పటికీ రెండున్నాయి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. ఏ పక్షం వాదించాలో పిల్లల ఇష్టం కాదు, ముందే కేటాయిస్తారు. మొదటి ఎనిమిది రౌండ్లలో నాలుగింటికి అంశం ముందే తెలుస్తుంది, నెలల తరబడి తయారవుతారు. మిగతా నాలుగింటికి గంట ముందు చెబుతారు. ఆ గంటసేపు జట్టుని ఒక గదిలో పెట్టేస్తారు. ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు, కోచ్ దరిదాపుల్లో ఉండకూడదు. పదహారేళ్ళ పిల్లలు, తెల్ల కాగితాలు, ఒక గోడ గడియారం. నమ్మనిదాన్నైనా నమ్మినట్టు నిలబెట్టాలి.

పోటీకి నెల ముందు నుంచీ మా ఇంట్లో దీని రిహార్సల్ నడిచింది. మా అమ్మాయి జట్టులో లేదు, గంట కొట్టడానికే వెళుతోంది. అయినా పద్ధతి తెలియాలిగా అని, వాళ్ళమ్మని ఎదురు కూర్చోబెట్టి 'హోంవర్క్ ఎత్తెయ్యాలి' అన్నదాని మీద వాదన పెట్టింది. మొదటిరోజు ఎత్తెయ్యాలంది. మర్నాడు ఉండాలంది. మా ఆవిడ గరిటె పట్టుకునే లేచింది. "నిన్న వద్దన్నావు, ఇవాళ కావాలంటావేమే? నీ మాట మీద నీకే నిలకడ లేదు, నేనేం జవాబు చెప్పేది?" అదే దీనిలో కిటుకు అంటుంది అమ్మాయి. వకీలు బుద్ధులు నేర్పిస్తున్నారని తల్లి. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ అభ్యంతరం తీసిపారేసేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఏ మాటనైనా ఏ పక్కకైనా తిప్పగల పిల్లలు పెద్దయ్యాక టీవీ చర్చల్లో ఏం చేస్తారో చూస్తూనే ఉన్నాం. కానీ ఒక సంగతి మాత్రం కళ్ళారా చూశాను. అవతలి పక్షం వాదించాల్సి వచ్చిన వారం తర్వాత మా అమ్మాయి తల్లితో పోట్లాడే తీరు మారింది. "నువ్వు అనేది ఇదీ కదా" అని ముందు తల్లి మాటే చెప్పి, తర్వాత తనది చెప్పేది. తల్లికి అది ఇంకా ఒళ్ళు మంట.

ఆ వారం మా కంపెనీ వ్యాన్ డ్రైవరు మమ్మల్ని దింపేవాడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది, అప్పటికింకా కరీంనగర్ జిల్లా. దోహా వచ్చి ఆరేళ్ళయింది గానీ ఎడ్యుకేషన్ సిటీ గేటు లోపలికి ఎప్పుడూ రాలేదు. ఒకరోజు నేనే లోపలికి రమ్మన్నాను. వెనక బెంచీలో ఇద్దరం కూర్చున్నాం. ఒక జట్టు పిల్లలకి ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన భాష. రెండో జట్టువాళ్ళు బళ్ళో నేర్చుకుని వచ్చినవాళ్ళు, ఒక్కో మాట వెతుక్కుని, తూచి వేస్తున్నారు. అంశం ఏదైతేనేం, చాలా వాదనలు చివరికి చేరేది ఒక చోటికే. ప్రభుత్వం ఎంతదాకా చెయ్యి పెట్టొచ్చు, మనిషి ఇష్టం ఎక్కడిదాకా అని.

డ్రైవరుకి ఇంగ్లీషు రాదు. కానీ కళ్ళార్పకుండా చూశాడు.

"ఏంది సార్, పంచాయితి పెట్టుకున్నరా పిల్లలు?" అన్నాడు చెవిలో.

ఆటలాంటిదే అన్నాను.

"మరి పెద్దమనుషులు నడుమ మాట్లాడుతలేరేంది?"

చివర్లో చెబుతారన్నాను. సన్నగా ఉన్న ఒక కుర్రాణ్ణి చూపించి, వాడు గెలుస్తాడన్నాడు. ఎందుకని అడిగితే, "ఆ పిల్ల లేచి అడిగినప్పుడల్లా కూసోమంటలేడు, ఇంటుండు" అన్నాడు. జడ్జీలు బయటికి వెళ్ళి వచ్చారు. ఇద్దరు ఒక పక్క, ఒకరు ఇంకో పక్క. ఆ కుర్రాడి జట్టు ఓడిపోయింది. ఈ మార్కుల లెక్క కూడా ఓసారి వినండి. ఒక్కో ప్రసంగానికి నూటికి మార్కులు, అందులో నలభై విషయానికి, నలభై చెప్పే తీరుకి, ఇరవై వ్యూహానికి. కానీ ఎవరికీ అరవైకి తగ్గవు, ఎనభైకి మించవు. అందుకే గెలుపోటములు చాలాసార్లు రెండు మూడు మార్కుల్లో తేలిపోతాయి. చెప్పే తీరుకి నలభై అంటే, ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్ళు ఒక అడుగు ముందు నుంచే పరుగు మొదలుపెట్టినట్టు. నిర్వాహకులకీ ఆ సంగతి తెలుసు. ఇంగ్లీషు రెండో భాష అయిన జట్లకి, పరాయి భాష అయిన జట్లకి విడిగా బహుమతులు పెట్టారు. అది సాంత్వన బహుమతేనని నా ఉద్దేశం.

అయ్యాక ఆ పిల్లలందరూ చేతులు కలుపుకుని, నవ్వుకుంటూ భోజనాలకి వెళ్ళిపోయారు. డ్రైవరు వ్యాన్ తాళాలు తిప్పుతూ కాసేపు ఊరుకుని, "సార్, వీళ్ళు తప్పు మాట్లాడితె నౌకరి పోదు గద?" అన్నాడు.

అతని తండ్రికి అప్పుడు ఒంట్లో బాగుండలేదు. ఇంటికి వెళ్ళి రావాలి. అప్పటి చట్టం ప్రకారం ఖతార్‌లో పనిచేసే పరాయిదేశం మనిషి దేశం దాటాలంటే తనని పనిలో పెట్టుకున్నవాడి సంతకం కావాలి. ఎగ్జిట్ పర్మిట్ అనేవాళ్ళు. ఉద్యోగం మారాలన్నా యజమాని కాగితమే దిక్కు. మా కంపెనీలో ఆ సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి ప్రయాణంలో ఉన్నాడు, వస్తాడు, రేపంటారు, ఎల్లుండంటారు. మూడుసార్లు అడిగితే నాలుగోసారి అడగడానికి భయం. ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి అతను చెప్పుకోవాల్సింది ఒక నిమిషం మాట. ఆ నిమిషం దొరక్క పదమూడు రోజులు గడిచాయి. సంతకం అయ్యాక వెళ్ళాడు. తండ్రి బతికుండగానే చూశాడు. ఎగ్జిట్ పర్మిట్‌ని ఎక్కువమంది కార్మికులకి 2018లోనూ, ఉద్యోగం మారడానికి యజమాని ఒప్పుకోలు కావాలన్న షరతుని 2020లోనూ తీసేశారు.

ఖతార్ గురించి ఇంత చెప్పి ఆ దేశపు జట్టు సంగతి చెప్పకపోతే ఎలా? 2007లో ఖతార్ ఫౌండేషన్ కింద ఖతార్ డిబేట్ అనే కేంద్రం మొదలైంది. మర్నాటి సంవత్సరమే, అంటే 2008లో, వాషింగ్టన్‌లో జరిగిన చాంపియన్‌షిప్‌కి ఆ దేశం జట్టు వెళ్ళింది. ఆ ప్రయాణం మీద లిజ్ మెర్మిన్ అనే దర్శకురాలు 'టీమ్ ఖతార్' అని 2009లో ఒక డాక్యుమెంటరీ తీసింది. వాదన పోటీలే ఎరగని దేశం, ఆక్స్‌ఫర్డ్ నుంచి దించిన కోచ్, నెలల్లో తయారైన పిల్లలు. మళ్ళీ రెండేళ్ళకే పోటీని తన ఇంటికే తెచ్చుకుంది. డబ్బుంటే ఏదైనా తేవచ్చు అనేవాళ్ళుంటారు. నిజమే, కానీ డబ్బున్న దేశాలు ఇంకా ఉన్నాయి, అవన్నీ పిల్లల చేత ఎదురు వాదన చేయించడానికి ఖర్చు పెట్టలేదు. ఎన్నికైన ప్రభుత్వం లేని దేశం. అల్ జజీరా పుట్టింది ఆ ఊళ్ళోనే, 1996లో. టిమ్ సెబాస్టియన్ నడిపిన దోహా డిబేట్స్ బీబీసీలో ప్రపంచమంతా చూసింది, 2005 నుంచీ. అదే ఊళ్ళో ఒక డ్రైవరు నాలుగోసారి అడగడానికి భయపడ్డాడు. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

జాతీయ జట్టు అన్నమాటలో కూడా ఒక మెలిక ఉంది. ఈ పోటీలో జట్టుకి ఎంపిక కావడానికి చూసేది పాస్‌పోర్టు కాదు, చదువుకునే బడి. ఖతార్ జనాభాలో పదిమందిని లెక్కపెడితే ఆ దేశపు పౌరులు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళం బయటి నుంచి వచ్చినవాళ్ళమే. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి కూడా ఆ దేశపు పౌరసత్వం దొరకడం కలలో మాట. తండ్రి ఉద్యోగం పోతే పిల్ల బడి మానేసి ఊరు వచ్చెయ్యాల్సిందే. కానీ బాగా మాట్లాడగలిగితే ఆ పిల్లే ఖతార్ కోటు వేసుకుని, ఖతార్ పేరు రాసిన బల్ల వెనక నిలబడి, ఇంగ్లండుతోనో కెనడాతోనో ఖతార్ తరఫున వాదించొచ్చు. మా అమ్మాయి ఈ సంగతి కనిపెట్టి ఎంత సంబరపడిందో! నేను లెక్కల మనిషిని కదా, వీసా గడువు తేదీ గుర్తొచ్చి ఊరుకున్నాను. అమెరికా, సింగపూర్ జట్లలో ఇప్పుడు మన ఇంటిపేర్లు తరచూ కనిపిస్తాయి. ఆ పిల్లలకి ఆ దేశం నిలబడే చోటు ఇచ్చింది. గల్ఫ్ పిల్లల సంగతి వేరు.

మన దేశం జట్టు 2019లో బ్యాంకాక్‌లో ఈ చాంపియన్‌షిప్ గెలిచింది, మొట్టమొదటిసారి. క్రికెట్ కాదు కాబట్టి బాణాసంచా కాల్చలేదు. పేపర్లలో ఒకటి రెండు రోజులు వచ్చి ఆగిపోయింది. ఆ పిల్లల ప్రతిభ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇండియా అన్న పేరుతో అక్కడ దాకా వెళ్ళగలిగేది మహానగరాల్లో, మంచి ఫీజుల ఇంగ్లీషు బళ్ళలో చదివేవాళ్ళే. జగిత్యాల జిల్లా పరిషత్ హైస్కూల్లోనో మా అమలాపురం బళ్ళోనో వాదించగల పిల్లలు లేరా? రచ్చబండ దగ్గర ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. వాళ్ళకి లేనిది ఆ భాష, ఆ గంట, ఆ ఎనిమిది నిమిషాలు.

ఖతార్‌వాళ్ళు ఈ ముడిని ఒక రకంగా విప్పుకున్నారు. ఇంగ్లీషు పోటీ పద్ధతినే తీసుకుని అరబీ భాషలో పెట్టారు. బడి పిల్లలకి ఒకటి, యూనివర్సిటీవాళ్ళకి ఒకటి, ఏడాది మార్చి ఏడాది. అరబ్బు దేశాలవాళ్ళే కాదు, అరబీ నేర్చుకున్న ఇతర దేశాల పిల్లలూ జట్లుగా వస్తారు. అక్కడ ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్ళు మాటలు వెతుక్కోవాలి! తెలుగులో ఇలాంటిది పెడితే ఎలా ఉంటుందని మా అమ్మాయిని అడిగాను మొన్న. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం దానికి. "పెట్టొచ్చు నాన్నా, కానీ 'కూర్చో' అని సైగ చేస్తే మనవాళ్ళు కూర్చుంటారా?" అంది.

ఇప్పుడు దోహా వెళ్ళేవాళ్ళకి ఎడ్యుకేషన్ సిటీ చూడటం తేలిక. 2019 డిసెంబరు నుంచి మెట్రో గ్రీన్ లైన్ అక్కడిదాకా పోతుంది, టికెట్టు రెండు రియాళ్ళు. ఎడ్యుకేషన్ సిటీ స్టేషన్లో దిగితే ఐదు స్తంభాల మీద నిలబెట్టిన మసీదు చూడొచ్చు. ఖతార్ నేషనల్ లైబ్రరీకి దాని పేరుతోనే స్టేషనుంది. రెమ్ కూల్‌హాస్ నమూనా వేసిన కట్టడం, ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. పుస్తకాలు మెట్లు మెట్లుగా కొండలా లేస్తాయి, పాత రాతప్రతులు మాత్రం నేలలోకి తవ్విన రాతి గదుల్లో ఉంటాయి. శుక్రవారాలు పొద్దున్నపూట వెళ్ళకండి, మధ్యాహ్నం దాకా చాలా చోట్ల తలుపులు తియ్యరు. మా డ్రైవరు ఇప్పుడు జగిత్యాలలో సొంత ఆటో నడుపుతున్నాడు. ఎన్నికల రోజుల్లో ఫోన్ చేస్తే అరగంటకి తక్కువ మాట్లాడడు, మధ్యలో ఒక్క ప్రశ్న కూడా తీసుకోడు.